సత్తెమ్మగారి కొడుకు ముక్కు

మొన్న ఒక ఆదివారం పొద్దున మా పై ఫ్లాటు జంట లాప్‌టాప్ చంకన పెట్టుకుని మా ఇంటికి దిగొచ్చారు. ఇద్దరికీ పోచారంలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. లిఫ్టులో ఎదురైతే నవ్వుకోవడం, మా పెరుగుతోడు వాళ్ళకూ వాళ్ళ కొరియర్ పొట్లాలు మాకూ చేరడం, అంతవరకే పరిచయం. అలాంటిది ఆ అమ్మాయి సోఫా చివర, గట్టిగా కూర్చుంటే అరిగిపోతుందేమో అన్నంత జాగ్రత్తగా కూర్చుని, "ఆంటీ, మేము ఒక పాపను దత్తత తీసుకుందామనుకుంటున్నాం. మీ ఇంట్లో అలా జరిగిందని విన్నాం" అంది. ఆంటీ అన్న దెబ్బ నుంచి తేరుకోవడానికే నాకు కొంచెంసేపు పట్టింది. దత్తత అన్న మాట ఆ తర్వాత చెవిన పడింది. ఆ అబ్బాయి ప్రశ్నలు ముందే టైపు చేసుకొచ్చాడు. పద్ధతి ఏమిటి, ఖర్చు ఎంత, చుట్టాలు ఏమంటారు, పాపకు సంగతి ఎప్పుడు చెప్పాలి. మొదటి రెండింటికీ టీ చల్లారేలోపు జవాబు చెప్పేశాను. ఇప్పుడంతా ఆన్‌లైనే నాయనా, పేరు నమోదు చేసుకోండి, కాగితాలు ఎక్కించండి, ఇంటికొచ్చి చూసిపోతారు, మీ వంతు వచ్చేదాకా ఏళ్ళ తరబడి ఓపిక పట్టండి. ఖర్చంటారా, ప్రభుత్వం నిర్ణయించిందే, రసీదు ఇచ్చేదే. రసీదు ఇవ్వనివాడు ఎవడైనా తగిలితే చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తండి. మూడోదానికి మాత్రం మా నాయనమ్మను తలుచుకోవలసి వచ్చింది. ఆమెను తలుచుకోవడమంటే రైల్వే గేటు పడినట్టే, ఇక ఎవరి బండీ కదలదు.

అప్పట్లో మేము నాచారంలో ఉండేవాళ్ళం. నాన్న తెనాలి నుంచి ఉద్యోగానికని వచ్చి, తన వెనక బాబాయిని లాక్కొచ్చాడు. ఆ ఇద్దరి వెనక నాయనమ్మ ఇత్తడి సామానుతో, పచ్చడి జాడీలతో, అభిప్రాయాలతో వచ్చింది. సామాను ఒక లారీకి సరిపోయింది. అభిప్రాయాలకు ఇంకో లారీ మాట్లాడుకోవలసింది. మేము అద్దెకున్న సత్తెమ్మగారి ఇంట్లో పైన రెండు పోర్షన్లు. ఒకదాంట్లో మేము, రెండోదాంట్లో బాబాయి, సుభద్ర పిన్ని, రెంటికీ కలిపి ఒకటే వరండా. కింద సత్తెమ్మగారు, ఆమె కొడుకు యాదగిరి, నాలుగు గేదెలు. సత్తెమ్మగారిది ఆ ఊరే. నాచారం ఇంకా పల్లెగా ఉన్నప్పుడు వరి పండించిన పొలాలన్నీ ప్లాట్లయిపోయినా గేదెల్ని మాత్రం వదలలేదు. పొద్దున ఇల్లంతా పేడ వాసన, మధ్యాహ్నం పారిశ్రామికవాడ నుంచి మందుల కంపెనీ వాసన, సాయంత్రం ఎక్కడో కాలే బిస్కెట్ల వాసన, గాలి మళ్ళిందంటే జవహర్‌నగర్ చెత్తగుట్ట తానే స్వయంగా బస్సెక్కి వచ్చినట్టుండే వాసన. నాయనమ్మ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, "తెనాల్లో అయితే ఇలాంటివి ఉండవు" అనేది. తెనాల్లో డ్రైనేజీ కాలవ మా గుమ్మం ముందే పారేది. ఆ సంగతి గుర్తుచేసే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు, తాతయ్య ఫోటోకు కూడా.

నాయనమ్మ గొంతు వరండాలో లేస్తే మౌలాలి గుట్టకు తగిలి తిరిగొచ్చేది. సత్తెమ్మగారి గొంతుకు గుట్ట అవసరం లేదు, అదే ఒక గుట్ట. ఇద్దరికీ స్నేహమే. పొద్దున సత్తెమ్మగారు చెంబు నిండా మజ్జిగ పంపేది, నాయనమ్మ గిన్నె నిండా గోంగూర పచ్చడి పంపేది. కానీ ఆ స్నేహంలో మాకు అంతుపట్టని ఒక జబ్బు ఉండేది. ఉన్నట్టుండి ఒకరోజు సత్తెమ్మగారు మొహం ముడుచుకునేది. ఆ రోజు నుంచి మజ్జిగ బంద్, పైకి నీళ్ళెక్కించే మోటారు బంద్. మేము బకెట్లతో మెట్లెక్కీ దిగీ, కండలు తిరిగీ, ఒలింపిక్స్‌కు పోదగ్గ స్థితికి వచ్చాక మళ్ళీ మోటారు మోగేది. నాన్న దాన్ని వోల్టేజీ సమస్య అనేవాడు. అమ్మ మోటారు సమస్య అనేది. అది భాషా సమస్య అని తెలియడానికి మాకు ఏళ్ళు పట్టింది.

యాదగిరి సంగతి చెప్పాలి. అప్పటికి అతనికి పాతికేళ్ళుంటాయి. కేబుల్ టీవీ పని. మా వీధిలో ఎవరింట్లో సీరియల్ ఆగినా దేవుడికంటే ముందు అతన్ని పిలిచేవారు. మనిషి ఆరడుగులు, మాట వెన్న. అన్నిటికన్నా ముందు చూడవలసింది ముక్కు. అతను మలుపు తిరుగుతుంటే ముందు ముక్కు వచ్చేది, తర్వాత స్కూటరు వచ్చేది, ఆఖర్న అతను వచ్చేవాడు. సత్తెమ్మగారిదీ సరిగ్గా అదే ముక్కు. అదే వంపు, అదే ఎముక, ఆమె ముక్కుపుడక లేకపోతే ఏ ముక్కు ఎవరిదో చెప్పడం కష్టం. యాదగిరి కేబుల్ డబ్బులకు పైకి వచ్చినప్పుడల్లా నాయనమ్మ కూర్చోబెట్టి వాళ్ళ కుటుంబ చరిత్ర తవ్వేది. అతను మొహమాటం లేకుండా, "మా అమ్మ నన్ను సాదింది అవ్వా. మస్తు కష్టపడి సాదింది" అనేవాడు. నాయనమ్మ కళ్ళు చెమర్చేవి. "అయ్యో నాయనా!" అని లోపలికి వెళ్ళి సున్నుండ తెచ్చి అతని చేతిలో పెట్టేది.

ఆమెకు ఒక సిద్ధాంతం ఉండేది. ఈ ఊరివాళ్ళు తొందర మనుషులు, మాటల్ని సగంలో మింగేస్తారు. కాబట్టి సాదింది అంటే సాధించింది అనే అర్థం. మా తెనాలి భాషలో సాధించడమంటే పొద్దస్తమానం సూటిపోటి మాటలతో నంజుకుతినడం. పాపం, ఎదిగిన కుర్రాడు, కన్నతల్లి తనను సాధించిందని నోరు తెరిచి చెప్పుకుంటున్నాడంటే ఎంత నరకం అనుభవించి ఉంటాడో! సున్నుండ ఇచ్చి పంపించాక నాయనమ్మ చెంగు బిగించి మెట్లు దిగేది. గేదె దగ్గర కూర్చున్న సత్తెమ్మగారితో, "చూడమ్మా, ఎవరి ఇంటి సంగతి వాళ్ళదే అనుకో. కానీ పిల్లల్ని సాధించకూడదు. పాపం తగులుతుంది" అని హితవు చెప్పి, సంఘసంస్కరణ చేసిన తృప్తితో మెట్లెక్కి వచ్చేది. ఆ సాయంత్రం కుళాయి తిప్పితే గాలి వచ్చేది.

ఇక పిన్ని. సుభద్ర పిన్ని ఉప్పల్లో ఒక ప్రైవేటు బడిలో చిన్నపిల్లలకు చదువు చెప్పేది. బడి విడిచాక కూడా ఆమె వెనక కోడిపిల్లల్లా నలుగురైదుగురు వచ్చేవారు. పెళ్ళయి చాలా ఏళ్ళయినా కడుపు పండలేదు. నాయనమ్మ మొక్కని దేవుడు లేడు, పిన్ని మింగని మందు లేదు. ఆస్పత్రికి వెళ్ళొచ్చిన రోజు మధ్యాహ్నాలు ఆమె వరండాలో బట్టలు ఆరేస్తూ, ఆరేసిన బట్టనే తీసి మళ్ళీ ఆరేస్తూ ఉండేది. నేను కాలేజీ నుంచి వచ్చి ఎన్ని వేళాకోళాలు ఆడినా నవ్వేది కానీ, ఆ నవ్వు కరెంటు పోయాక కాసేపు తిరిగే ఫ్యానులాంటిది. ఒకసారి నాతో మామూలుగా అంది, "బుజ్జీ, నాకు కనాలని ఇప్పుడు అంతగా లేదే. పెంచాలని ఉంది. రెండూ ఒకటే అనుకుని ఇన్నాళ్ళు ఒళ్ళు గుల్ల చేసుకున్నా."

మా బాబాయి వారానికి ఒక వాక్యం మాట్లాడే మనిషి. ఆ వారం వాక్యం అందరం కలిసి భోంచేస్తున్నప్పుడు వచ్చింది. చారు పోసుకుంటూ, "మేం ఒక పాపను తెచ్చుకుంటున్నాం" అన్నాడు. అమ్మ చేతిలో గరిటె గాల్లో ఆగింది. ఫ్యాను కూడా ఒక రెక్క తక్కువ తిరిగిందని నా నమ్మకం. నాయనమ్మ ముందు అర్థం కానట్టు చూసి, అర్థమయ్యాక విస్తరి పక్కకు తోసింది. "దత్తత అంటే జ్ఞాతుల్లో మగపిల్లాణ్ణి తీసుకుని హోమం చేసి తెచ్చుకుంటారు. ఊరూ పేరూ తెలియని ఆడపిల్లను తెచ్చుకోవడం ఏ శాస్త్రంలో ఉందిరా? కావాలంటే మన చిన్నాణ్ణి తీసుకో. ఇంట్లోంచి ఇంట్లోకే." చిన్నాడంటే మా తమ్ముడు. వాడు ఆ మాట విన్నదే తడవు, క్రికెట్ బ్యాటూ దిండూ పట్టుకుని బాబాయి పోర్షన్‌లోకి మారిపోయాడు. పిన్ని పులిహోర అలాంటిది. అమ్మ చెవి పట్టుకుని వెనక్కి తెచ్చాక చూస్తే పిన్ని కంచం ముందు అలాగే కూర్చుని ఉంది. "అది కాదత్తయ్యా, అమ్మ లేని పిల్లకు..." అని మొదలుపెట్టింది. నాయనమ్మ వినలేదు. "ఎవరి రక్తమో! రేపు పెద్దదయ్యాక ఎవరి పోలికలొస్తాయో! రక్తమంటే ఏమిటో కింద సత్తెమ్మను చూసి నేర్చుకో. ఎంత సాధించనీ, ఆ కొడుకు ఆమె కొంగు వదిలాడా? ఆ ముక్కు చూడు, అచ్చు గుద్దినట్టు! కన్న పేగంటే అదీ. అద్దెకు తెచ్చుకుంటే రాదు."

అప్పటి నుంచి ఆ ముక్కు మా ఇంట్లో సుప్రీంకోర్టు అయి కూర్చుంది. ఎవరు ఏ వాదన తెచ్చినా నాయనమ్మ కిటికీలోంచి కిందికి వేలు చూపించేది. యాదగిరి ఎప్పుడైనా పైకి చూసి నవ్వుతూ చెయ్యూపేవాడు.

బాబాయి దంపతులు మాత్రం ఆగలేదు. మొదట ఎవరో చెబితే ఒక నర్సింగ్ హోముకు వెళ్ళారు. అక్కడ ఒక ఆయా వాళ్ళను పక్కకు పిలిచి, బాబు కావాలా పాప కావాలా, తెలుపా చామనచాయా, దేని రేటు దానిదే అంది. అది చెప్పిన మొత్తానికి అప్పట్లో అన్నోజిగూడలో ప్లాటు కొని ప్రహరీ కట్టించి గేటు పెట్టించవచ్చు. "ఆస్పత్రి కాగితాల మీద నువ్వే కన్నట్టు రాయిస్తాం మేడం, కోర్టులూ గీర్టులూ ఏం ఉండవు" అని కూడా అందట. బాబాయి ఎంత నిర్ఘాంతపోయాడంటే, స్కూటరు అక్కడే మరిచిపోయి పిన్ని చెయ్యి పట్టుకుని ఉప్పల్ నుంచి నాచారం దాకా నడిచొచ్చేశాడు. వచ్చాక ఆ వారం రెండో వాక్యం కూడా మాట్లాడాడు: "అది ఎవరో తల్లి దగ్గర కాజేసిన బిడ్డ అయితే?" తర్వాత సర్కారు శిశుగృహానికే దరఖాస్తు పెట్టారు. పెళ్ళి ఫోటో, జీతం కాగితం, ఒంట్లో జబ్బులేమీ లేవని డాక్టరు రాసిన కాగితం, ఎరిగినవాళ్ళు మంచివాళ్ళని రాసిన ఉత్తరాలు. ఉప్పల్లోని జిరాక్స్ షాపువాడు మా బాబాయి డబ్బుతోనే రెండో మిషను కొన్నాడని నేను ఇప్పటికీ నమ్ముతాను. అసలు రుసుము ఒక మంచి ఫ్రిజ్ ధర కూడా లేదు. అంతా అయ్యాక, ఇల్లు చూడటానికి ఒక అధికారిణి వస్తారనీ, ఇంట్లో ఉండే అందరితోనూ, ఇరుగుపొరుగుతోనూ మాట్లాడతారనీ కబురు వచ్చింది.

ఆ రోజు కోసం మా ఇంట్లో జరిగిన శుభ్రత మళ్ళీ ఏ పెళ్ళికీ జరగలేదు. అమ్మ బల్లుల్ని కూడా తుడిచిందేమో అనిపించింది. నాన్న నాయనమ్మ కాళ్ళ దగ్గర కూర్చుని, "అమ్మా, నువ్వు అవునని అనకపోయినా ఫరవాలేదు. ఏమీ మాట్లాడకు, చాలు" అని బతిమాలాడు. నాయనమ్మ మాట ఇచ్చింది. ఆగమని నదిని అడగవచ్చు కానీ, మాట్లాడవద్దని నాయనమ్మను అడగకూడదని నాన్నకు ఆ వయసులోనైనా తెలియాల్సింది.

అధికారిణి నడివయసు మనిషి. నూలు చీర, ముఖాన తొందరలేని నవ్వు. పిన్నితో, బాబాయితో చాలాసేపు మాట్లాడింది. వాళ్ళ గది చూసింది, నీళ్ళు చూసింది, మా తమ్ముణ్ణి చదువెలా ఉందని అడిగి వాడి జవాబుకు జాలిపడింది. ఇంటి ఓనరును కూడా పిలవమంటే నేనే వెళ్ళి సత్తెమ్మగారిని పిలిచొచ్చాను. ఆమె కాళ్ళు కడుక్కుని పైకి వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. అప్పుడు అధికారిణి నాయనమ్మ వైపు తిరిగి, ఎంతో మామూలుగా, "పెద్దమ్మగారూ, మీకు ఇష్టమేనా?" అంది.

"ఇష్టం లేదు" అంది నాయనమ్మ.

బాబాయి గోడకు ఆనుకుపోయాడు, గోడకు సున్నం వేసినట్టు తెల్లగా. నాయనమ్మ ఆపలేదు. "నేను అబద్ధం చెప్పనమ్మా. కోడలు బంగారం. కానీ కన్నబిడ్డ కన్నబిడ్డే. ఇదిగో, ఈ సత్తెమ్మగారినే అడగండి. ఆమె ఎంత సాధించినా..."

ఆ మాట పూర్తికాలేదు. సత్తెమ్మగారు గుమ్మం దగ్గర నుంచి లేచి నిలబడింది.

"మల్ల మొదలువెట్టినవా? సూడు మేడం, గీమె ఏండ్ల సంది నన్ను తింటున్నది! సాదొద్దు, సాదొద్దు, పాపం తగుల్తది అని! ఏం, నేను నా కొడుకును సాదుకుంటే గీమె సొమ్మేం బోయింది? గా పిల్లను గూడ సాదుకోనియ్యదా?"

"పిల్లల్ని సాధించడం తప్పు కాదటమ్మా?" అంది నాయనమ్మ, ఇంకా న్యాయం తన పక్షానే ఉందన్న ధీమాతో.

"గదేం తప్పు? దిక్కులేని పొల్లగాన్ని సాదుకునుడు తప్పా? నాకు కడుపు పండకపాయె. మా ఆయన సర్కారు దవాఖాన నుంచి తెచ్చిండు. కన్నతల్లి కాన్పుల సచ్చిపోయింది, తండ్రి ఎవలో ఎర్కలే. బొడ్డు గూడ ఊడలే. బర్రె పాలు వత్తితోని తాగిపిచ్చిన. గిప్పుడు సూడు, దర్వాజకు తల తాకుతది!"

అధికారిణి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. ముందు అర్థమైంది ఆమెకే. నవ్వు ఆపుకుంటూ, "పెద్దమ్మగారూ, ఇక్కడ సాదుకోవడమంటే పెంచుకోవడం. మీరు అనుకునే సాధించడం కాదు" అంది.

సరిగ్గా అప్పుడే కింద స్కూటరు ఆగింది. తల్లి గొంతు విని యాదగిరి మూడేసి మెట్లు ఒక అంగలో ఎక్కి పైకి వచ్చాడు. ముందు ముక్కు వచ్చింది. నాయనమ్మ ఆ ముక్కును చూసింది, సత్తెమ్మగారి ముక్కును చూసింది, మళ్ళీ దీన్ని చూసింది. టెన్నిసు ఆట చూసేవాళ్ళ తల కూడా అంత వేగంగా తిరగదు.

"ఏమైందే అమ్మా?" అన్నాడు యాదగిరి.

"నువ్వు... ఆమె కడుపున పుట్టలేదా?" అంది నాయనమ్మ. ఆ గొంతు ఆమెది కాదు, ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టుంది.

యాదగిరి తెల్లబోయాడు. "నేను వచ్చినప్పుడల్ల అదే చెప్పిన గదా అవ్వా! అమ్మ నన్ను సాదిందని. నువ్వే అయ్యో నాయనా అని సున్నుండ ఇస్తివి. సాదుకున్న పిల్లలకు మిఠాయి పెట్టుడు మీ ఆంధ్రోళ్ళల్ల రివాజు అన్కున్న నేను."

మా నాయనమ్మ జీవితంలో మాట రాక నిలబడిపోయింది ఆ ఒక్కసారే. దాన్ని చూడటానికి టికెట్టు పెట్టినా ఉప్పల్ స్టేడియం నిండేది. కానీ నవ్వొచ్చే ఆ క్షణంలోనే పిన్ని గభాల్న లేచి లోపలికి వెళ్ళిపోయింది. ఆమెకు గుర్తున్నది ఒకటే మాట. ఇష్టం లేదు. అది అధికారిణి కూడా రాసుకుంది. "ఇంట్లో పెద్దావిడ మనసు ఇలా ఉంటే బిడ్డకు ఇబ్బంది. నేను మళ్ళీ వస్తాను. అప్పటికీ ఇంతే అయితే మాత్రం కష్టం" అని చెప్పి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం బాబాయి పోర్షన్‌లో దీపం వెలగలేదు. అమ్మ అన్నం పట్టుకెళ్ళి, పట్టుకెళ్ళినట్టే తెచ్చింది.

ఆ తర్వాత కొన్నాళ్ళు మా ఇల్లు రేడియో పాడైన టీకొట్టులా ఉండేది. నాయనమ్మ నోరు విప్పితే కాఫీ కోసమే. ఒక పొద్దున ఆమె తనంతట తానే మెట్లు దిగింది. మళ్ళీ మోటారు పోతుందని భయపడి నేను బకెట్లు తీసి సిద్ధంగా పెట్టి, వెనకాలే వెళ్ళాను. సత్తెమ్మగారు పాలు పితుకుతోంది, తల ఎత్తలేదు. నాయనమ్మ గేదె తొట్టి గట్టుమీద కూర్చుంది. తెనాలి నుంచి వచ్చాక ఆమె కడిగిన పీటమీద తప్ప ఇంకెక్కడా కూర్చోలేదు.

"నీకు భయం వెయ్యలేదుటే సత్తెమ్మా? ఎప్పటికైనా వదిలి పోతాడని?"

"ఎయ్యదా మరి? గిప్పటికి ఎస్తది. బండి మీద లేటైతే గిప్పటికి దర్వాజల నిలవడ్త." సత్తెమ్మగారు ఇంకో చన్ను పట్టుకుంది. "నీకు ఎయ్యదా తెనాలమ్మా? నువ్వు కన్నవు గదా ఇద్దర్ని. ఎయ్యకుంటే గా పెద్దోని ఎంబడి గీ పట్నం ఎందుకొస్తివి?"

నాయనమ్మ తొట్టిలోంచి గడ్డి పరక ఒకటి తీసి గేదెకు అందించింది. "ఇన్నాళ్ళూ నిన్ను అలా అన్నానే" అంది. "అంటివి తియ్యి. నేను నీళ్ళు బంద్ వెడ్తి" అంది సత్తెమ్మగారు. మా నాన్న వోల్టేజీ సిద్ధాంతం ఆ పేడ వాసనలో అలా అంతమైపోయింది.

అధికారిణి రెండోసారి వచ్చినప్పుడు నాన్న ఎవరినీ బతిమాలలేదు, ఓపిక లేక. ఆమె మళ్ళీ అదే ప్రశ్న వేసింది. "ఇష్టమా అంటే, నాకు భయమమ్మా" అంది నాయనమ్మ. "కన్నవాళ్ళకూ అదే భయమట. భయం ఎలాగూ తప్పనప్పుడు పిల్ల కూడా ఉంటే మంచిది కదా. రాసుకో." పిన్ని తలుపు చాటున నిలబడి వింటోంది. నాయనమ్మ అటు తిరక్కుండానే, "ఆ తలుపు వెనకాల ఏడ్చేదాన్ని వచ్చి కాఫీ పెట్టమను" అంది.

పిలుపు రావడానికి చాలా నెలలు పట్టింది. పిన్ని వాళ్ళు పొత్తిళ్ళలో పాపాయిని ఊహించుకున్నారు. వాళ్ళకు చూపించింది రెండేళ్ళు దాటిన, గుండు గీసిన, ఎవరిదో చిరుగు గౌను వేసుకున్న ఒక మొండిఘటాన్ని. పేరు మల్లిక. పిన్ని చేతులు చాపితే, ఆ పిల్ల గోడ వైపు తిరిగి కూర్చుంది. పిన్ని కూడా వెళ్ళి పక్కన గోడ వైపే తిరిగి కూర్చుంది. అలా ఎంతసేపు కూర్చున్నారో బాబాయి చెప్పలేడు. ఆయన బయట వరండాలో ఏడుస్తున్నాడు. కాసేపటికి మల్లిక, "నువ్వెందుకు గిట్ల కూసున్నవ్?" అని అడిగిందట. అంతే, ఇంటికొచ్చేసింది. కోర్టు వాయిదాలు, ఉత్తర్వు, అమ్మానాన్నల స్థానంలో పిన్ని బాబాయిల పేర్లతో పుట్టిన తేదీ పత్రం, అవన్నీ తర్వాత నింపాదిగా నడిచొచ్చాయి. వచ్చిన మొదటిరోజే మల్లిక నాయనమ్మను కింది నుంచి పైదాకా చూసి, "గీ ముసలమ్మ ఎవలు?" అంది. ఆమె సామ్రాజ్యం అక్కడితో కూలిపోయింది. సత్తెమ్మగారి గేదెల మధ్య పెరిగిన ఆ పిల్ల నోట తెనాలి మాట ఒక్కటీ రాలేదు. పైగా ఉద్యమం రోజుల్లో వరండాలో నిలబడి జై తెలంగాణ అని అరిచేది. నాయనమ్మ, "అరుచుకోవే, అరుచుకో. పాలు తాగి అరుచుకో, గొంతు పోతుంది" అని గ్లాసు పట్టుకుని వెనకాల తిరిగేది.

ఇప్పుడు ఆ ఇంటి చోట అపార్టుమెంటు లేచింది. గేదెలు కట్టిన చోట కార్లు కట్టేసి ఉంటున్నాయి. ఉప్పల్ మీదుగా మెట్రో పోతోంది. దత్తతకు అప్పుడు మేము ఒక్క అధికారిణికీ, ఒక్క నాయనమ్మకూ జవాబు చెప్పుకుంటే సరిపోయింది. ఇప్పటివాళ్ళు వాట్సాప్ గ్రూపులోని నూటపాతిక మంది నాయనమ్మలకు చెప్పుకోవాలి. మా పై ఫ్లాటు అమ్మాయి అదే అంది. తర్వాత, అసలు దిగులుతో, ఆఖరి ప్రశ్న అడిగింది. పాపకు ఎప్పుడు చెప్పాలి? చెబితే ఏమంటుందో? నాకు శాస్త్రం తెలియదు. ఒకానొక ఆదివారం సంగతి తెలుసు, అదే చెప్పాను.

పిన్ని మొదటి నుంచీ మల్లికకు కథలా చెబుతూనే ఉండేది, నిన్ను గోడ దగ్గర నుంచి తెచ్చుకున్నామని. మేమంతా ఆ పిల్ల పెద్దదయ్యాక గట్టి ప్రశ్న ఒకటి అడుగుతుందని భయపడుతూనే ఉన్నాం. అది పెద్దయ్యేదాకా ఆగలేదు. ఒకటో తరగతిలో ఉంది. ఆ ఆదివారం పొద్దున పిన్ని ఇడ్లీ పిండి గిన్నెల్లో పోస్తోంది, నాయనమ్మ కొబ్బరి తురుముతోంది, నేను తిండికోసం తిరుగుతున్నాను. మల్లిక వంటింటి గట్టుమీద కూర్చుని కాళ్ళూపుతూ, "అమ్మా, నన్ను కన్నామె గిప్పుడు యాడుంటది?" అంది.

పిన్ని పోస్తున్న గిన్నె నిండి పిండి పక్కకు పొర్లింది. అయినా, "తెలియదమ్మా" అంది.

"ఇల్లు లేదా ఆమెకు?"

"లేదేమో. ఉంటే నిన్ను ఎందుకు వదులుతుంది?"

మల్లిక కాళ్ళూపడం ఆపింది. "అయితే దొరికినంక మనింటికే తెచ్చుకుందాం. నాయనమ్మ రూంల పండుకుంటది."

నేను నాయనమ్మ వైపు చూశాను. ఆమె గదిలో నన్ను పడుకోనిచ్చేది కాదు, చుట్టాలను పడుకోనిచ్చేది కాదు. తాతయ్య ఫోటోను కూడా హాల్లోకి పంపించేసింది. కొబ్బరి తురమడం ఆగిపోయింది. పిన్ని అటు చూడలేక పొయ్యి వైపు తిరిగింది.

"నా గదిలోనా?" అంది నాయనమ్మ.

"ఊఁ" అంది మల్లిక.

నాయనమ్మ మళ్ళీ తురమడం మొదలుపెట్టింది. "ఆ మంచం ఇద్దరికి చాలదు" అంది, కొబ్బరిచిప్పతోనే చెబుతున్నట్టు. "ఇంకోటి చేయించండి."

మల్లికను ఊరుకోబెట్టడానికి అందనుకున్నాం. కానీ ఆ నెలలోనే మంచం వచ్చింది, కొత్త పరుపుతో సహా. నాయనమ్మ పోయేదాకా ఆ మంచం మీద ఎవరినీ పడుకోనివ్వలేదు. ఆరిన బట్టలు కూడా పెట్టనివ్వలేదు.